మొండి పుండుకు పీల్చే వైద్యం

కూర తరుగుతుంటే కత్తిపీట తగిలి వేలు తెగిందనుకోండి. గబగబా కుళాయి కింద పెట్టి, శుభ్రమైన గుడ్డ చుట్టుకుని మళ్ళీ పనిలో పడతాం. వారం తిరిగేసరికి ఆ గాయం ఎక్కడుందో వెతుక్కోవాలి. మానడమనేది శరీరం తనంత తాను చేసుకుపోయే పని గనుక దాన్ని గురించి మనం ఆలోచించనే ఆలోచించం. కాని కొన్ని గాయాలున్నాయి చూడండి, నెల దాటినా, రెండు నెలలు దాటినా అంగుళం కదలవు. రోజూ కట్టు విప్పడం, కడగడం, మందు రాయడం, మళ్ళీ కట్టడం. విప్పినప్పుడల్లా అదే నీరు, అదే వాసన. అప్పుడిక దాన్ని గాయం అనం, పుండు అంటాం.

యీ మొండి పుళ్ళు మన ఇళ్ళల్లో ఎవరికి వస్తాయో మీకు చెప్పక్కర్లేదు. చక్కెర వ్యాధి వున్న పెద్దవాళ్ళకు అరికాల్లో, కాలివేళ్ళ సందుల్లో వస్తాయి. పక్షవాతం వచ్చి నెలల తరబడి మంచాన వున్నవాళ్ళకు నడుము కింద, మడమల దగ్గర పడకపుళ్ళు వస్తాయి. ఆపరేషను కుట్లు విడిపోయి నోరు తెరుచుకున్న గాయాలు కొన్ని. స్కూటరు ప్రమాదంలో చర్మం, కండ ఊడిపోయినవి కొన్ని. వీటిలో చక్కెర పుండు మరీ ప్రమాదం. దాన్ని అశ్రద్ధ చేస్తే వేలు పోతుంది, తర్వాత పాదం పోతుంది, ఒక్కోసారి మోకాలి దాకా పోతుంది. అందుకే యీ పుళ్ళకు ఇప్పుడు చాలా ఆస్పత్రుల్లో చేస్తున్న ఒక వైద్యం గురించి ఇవాళ చెప్పుకుందాం. పుండు మీద స్పాంజి పెట్టి, పైన ప్లాస్టిక్ పొర అతికించి, గొట్టం తగిలించి, మిషనుతో లోపలి నీటిని పీల్చే వైద్యం అది. డాక్టర్లు దీన్ని 'వాక్' అంటారు. వాక్యూమ్ అన్న మాటకు పొట్టిపేరులా వినిపిస్తుంది కదూ! ఆస్పత్రిలో వరండాలో నిలబెట్టి "మీ అత్తగారికి వాక్ పెట్టాలమ్మా, సంతకం పెట్టండి" అంటారు. అదేమిటో తెలియక మనం బిక్కమొహం వేస్తాం.

ముందు పుండు ఎందుకు మొండికేస్తుందో చూద్దాం. గాయం మానాలంటే అడుగునుంచి ఎర్రటి లేతకండ పుట్టుకురావాలి. దానిమ్మగింజల్లాగా గుబురుగా, ఎర్రగా వుంటుంది అది. దానిలో సన్నసన్నని కొత్త రక్తనాళాలు అల్లుకుంటాయి. గుంట పూడిన తర్వాత అంచులనుంచి చర్మం పాకి మూసేస్తుంది. యీ పని సాగాలంటే మంచి రక్తం అందాలి, తడి తగుమాత్రం వుండాలి, చీము వుండకూడదు, చచ్చిన కండ అడ్డం వుండకూడదు, పుండు మీద బరువు పడకూడదు. చక్కెర వ్యాధిలో యివన్నీ ఒకేసారి తలకిందులవుతాయి. కాళ్ళ నరాలు మొద్దుబారి మేకు గుచ్చుకున్నా తెలియదు. రక్తనాళాలు సన్నబడతాయి. రక్తంలో చక్కెర ఎక్కువగా వుంటే క్రిములతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి. పైగా పుండు చుట్టూ నీరు పట్టి వాచిపోతుంది. ఆ వాపు సన్నని రక్తనాళాలను నొక్కేస్తుంది. పుండులో ఊరే నీటిలో కండను కరిగించే పదార్థాలు పేరుకుని, పుట్టిన లేతకండను పుట్టినట్టే తినేస్తూ వుంటాయి. మనం పైన ఎన్ని ఆయింట్‌మెంట్లు మార్చినా లోపలి గొడవ మాత్రం అలాగే వుంటుంది.

పీల్చి వైద్యం చేయడమనే మాట మనవాళ్ళకు కొత్త కాదు. చెడురక్తం తీయడానికి కొమ్ము పెట్టడం, జలగలు పట్టించడం మన తాతమ్మల కాలంలో వుండేవి. సుశ్రుత సంహితలో కొమ్ము, జలగ, సొరకాయబుర్ర మూడింటి ప్రస్తావనా వుంది. అయితే అది వేరు, ఇది వేరు. అక్కడ తీసేది రక్తం. ఇక్కడ రక్తం రాకూడదు. పుండులో ఊరే నీరు మాత్రమే రావాలి. "ఇదంతా మన పూర్వులు కనిపెట్టిందే" అని సంబరపడే అన్నగార్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు గనుక ముందే చెబుతున్నాను.

ఇప్పటి పద్ధతికి వస్తే, 1980లలోనే రష్యాలో కొందరు సర్జన్లు చీముపట్టిన గాయాలకు పీల్చే వైద్యం చేసి వ్యాసాలు రాశారు. 1993లో జర్మనీలో ఫ్లైష్‌మన్ అనే సర్జను, ఎముక విరిగి బయటపడిన గాయాలలో స్పాంజి పెట్టి పీల్పించి బాగుందని ప్రకటించాడు. అమెరికాలో నార్త్ కెరొలైనాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో ఆర్జెంటా అనే ప్లాస్టిక్ సర్జను, మోరిక్వాస్ అనే పరిశోధకుడు కలిసి ముందు పందుల మీద, తర్వాత రోగుల మీద పరీక్షించారు. 1997లో వారు ప్రచురించిన లెక్క ప్రకారం 300 గాయాలకు చేస్తే 296 గాయాలలో గుణం కనిపించింది. పోల్చి చూడడానికి మామూలు కట్లు కట్టిన రోగులు ఆ లెక్కలో లేరన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. దాని సంగతి తర్వాత చెబుతాను. అప్పటినుంచే యీ వైద్యం ప్రపంచమంతా పాకింది.

ఇహ ఎలా చేస్తారో చూద్దాం. మొదటిపని మిషను పెట్టడం కాదు, పుండు శుభ్రం చేయడం. నల్లబడిన కండ, పసుపుపచ్చని జిగురు పొర కత్తితో కోసి తీసేస్తారు. తరచు ఇది ఆపరేషను గదిలో మత్తు ఇచ్చి చేయవలసి వుంటుంది. చాలామంది ఇక్కడే హడలిపోతారు. "చిన్న పుండని తీసుకువస్తే ఇంత గుంట చేశారేమిటి?" అని. చచ్చిన కండ మీద స్పాంజి పెట్టి పీలిస్తే లాభం లేదు సరికదా, లోపల చీము మూతపడిపోతుంది. కనుక గుంట పెద్దదయినందుకు కంగారు పడకండి.

తర్వాత పుండు ఆకారానికి సరిపోయేటట్టు స్పాంజి కత్తిరిస్తారు. ఇది పరుపుల్లో వాడే నురగ స్పాంజి జాతిదే గాని, క్రిములు లేకుండా శుద్ధి చేసి, సుమారు అరమిల్లీమీటరు రంధ్రాలు ఒకదాన్నుంచి ఒకదానికి దారి వుండేటట్టు తయారు చేసినది. దానిని గుంటలో అమర్చి, చుట్టూ మంచి చర్మం కూడా కలిసివచ్చేటట్టు పారదర్శకమైన అంటుపొర పరుస్తారు. మనం చపాతీ పిండి మీద తడిగుడ్డ కప్పినట్టు కాదు, గాలి సూదిమొనంత కూడా చొరబడకూడదు. పొరకు చిన్న రంధ్రం చేసి గొట్టం అతికిస్తారు. గొట్టం రెండోకొస మిషనుకు వున్న డబ్బాలోకి వెడుతుంది. మిషను వేయగానే పొంగివున్న స్పాంజి ఎండుద్రాక్షలా ముడుచుకుపోయి గట్టిపడుతుంది. అలా ముడుచుకుంటేనే గాలి ఎక్కడా చొరబడడం లేదని లెక్క.

ఎంత గట్టిగా పీలుస్తుంది? సాధారణంగా 125 అంటారు. ఆ అంకె ఎక్కడో విన్నట్టుంది కదూ! రక్తపోటు చూసే మిషనులో పాదరసం ఎక్కే కొలతే ఇది. మన చుట్టూ వుండే గాలి పీడనం యీ కొలతలో 760. అందులో 125, అంటే సుమారు ఆరోవంతు తగ్గిస్తారన్నమాట. పిల్లలు స్టీలు గ్లాసు మూతికి ఆనించి గాలి పీల్చి, చేతులు వదిలేసి ఆడుకుంటారు చూశారా? గ్లాసు పెదవుల చుట్టూ అతుక్కుపోతుంది. సూత్రం అదే. రక్తప్రసారం తక్కువగా వున్న కాళ్ళకు, నొప్పి తట్టుకోలేని వారికి డాక్టరు యీ అంకె తగ్గించి పెడతారు. ఎక్కువ పీలిస్తే త్వరగా మానుతుందనుకుని మిషను మీది బొత్తాలు మనం నొక్కకూడదు.

యీ పీల్పు లోపల ఏమి చేస్తుంది? ఊరిన నీటిని ఎప్పటికప్పుడు లాగేస్తుంది, వాపు దిగుతుంది. పుండు అంచులను దగ్గరకు లాగుతుంది. స్పాంజి రంధ్రాలలోకి కండ చిన్నచిన్న బొడిపెలుగా సాగుతుంది. ఇదే నాకు అన్నిటికన్నా వింతగా అనిపించిన సంగతి. అలా సాగదీయబడిన కణాలు ఊరుకోవు, విభజన చెంది పెరగడం మొదలుపెడతాయి. గర్భిణి పొట్ట చర్మం సాగుతూ సాగుతూ పెరగడం లేదూ? కణాన్ని లాగితే అది పెరుగుతుందన్న రహస్యాన్నే ఇక్కడ వాడుకున్నారు. పందుల మీది ప్రయోగాల్లో 125 దగ్గర పుండు పక్కన రక్తప్రసారం నాలుగు రెట్లు పెరిగిందని మొదట చూపించారు. తర్వాత పరిశోధించినవారు, పుండు అంచుకు మరీ దగ్గరలో మాత్రం రక్తప్రసారం తగ్గుతుందని కనిపెట్టారు. అందుకే రక్తనాళాలు మూసుకుపోయిన కాలికి ఆలోచించకుండా యీ మిషను తగిలించకూడదు. ముందు కాలికి రక్తం అందుతోందా లేదా చూడాలి; మూసుకున్న నాళాన్ని తెరవవలసి వస్తే ముందు అది తెరవాలి.

మా మేనత్తగారికి ఇరవయ్యేళ్ళ పైబడి చక్కెర వ్యాధి. కొత్త చెప్పు ఒరుసుకుని చిటికెనవేలు పక్కన పొక్కు లేచింది. నొప్పి లేదు గనుక ఎవరికీ చెప్పలేదు. జ్వరం వచ్చి ఆస్పత్రికి వెళ్ళేసరికి వేలు నల్లబడింది. వేలు తీసేసి, మూడు రోజులకొకసారి స్పాంజి మారుస్తూ మొత్తం ఏడుసార్లు వాక్ కట్టారు. ఆవిడ మంచం పక్కన నేనూ, మా వదినా వంతులవారీగా కూర్చున్నాం. మిషను రాత్రిపూట గుడగుడమంటూ వుంటే "నా కాలు హుక్కా తాగుతోందే" అని నవ్వేది. కాని మార్చేరోజు మాత్రం నవ్వేది కాదు. పుండు కొంచెం మెరుగు పడినకొద్దీ మార్చినప్పుడు నొప్పి ఎక్కువయింది. లేతకండ స్పాంజి రంధ్రాలలోకి పెరిగి అతుక్కుంటుంది గనుక అలా అవుతుందట. ముందుగా నొప్పిమాత్ర ఇచ్చి, గొట్టం ద్వారా సెలైను పోసి స్పాంజిని బాగా నాననిచ్చి తీస్తే చాలా తేడా వుంటుంది. నర్సు తొందరలో వున్నా సరే, "కాసేపు నానబెట్టండమ్మా" అని అడగడంలో తప్పు లేదు. మూడువారాలకు గుంట పూడి అడుగు ఎర్రబడింది. తొడమీది చర్మం పలచగా తీసి అతికించారు. అంటే వాక్ ఒక్కటే పుండు మూసేయలేదు. చర్మం అతికించడానికి నేల సిద్ధం చేసింది. చాలామందిలో జరిగేది ఇదే.

దీనితో అన్ని పుళ్ళూ మానిపోతాయని మాత్రం నమ్మకండి. 2005లో అమెరికాలో, చక్కెర వ్యాధివల్ల పాదంలో కొంతభాగం తీసేసిన 162 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. పదహారు వారాలలో వాక్ పెట్టిన వారిలో నూటికి 56 మందికి, మంచి మామూలు కట్లు కట్టినవారిలో నూటికి 39 మందికి గాయం మానింది. తేడా వున్న మాట నిజమే. కాని మామూలు కట్లతోనూ 39 మందికి మానింది, వాక్‌తో కూడా 44 మందికి ఆ గడువులో మానలేదు. పైగా ఆ పరీక్షకు డబ్బిచ్చింది మిషన్లు తయారుచేసే కంపెనీయే. 2020లో వెలువడిన జర్మనీ పరీక్షలో చక్కెర పుళ్ళ విషయంలో అంత తేడా కనిపించలేదు. ఇంగ్లండులో కాలి ఎముక విరిగి బయటపడిన 460 మందిని పరీక్షించి 2018లో ప్రకటించిన ఫలితంలోనూ ఏడాది తర్వాత రెండు జట్లూ ఒకేలా వున్నాయి. మరి డాక్టర్లు ఎందుకు వాడుతున్నారంటారా? లోతైన పుండులో నీరు అదుపులోకి రావడం, రోజుకు రెండుసార్లు విప్పే కట్టు మూడురోజులకొకసారికి తగ్గడం, వాసన ఇంటిల్లిపాదినీ బాధించకపోవడం కూడా రోగికి చిన్న సుఖాలేమీ కావు. నా ఉద్దేశంలో ఇది మంచి పనిముట్టే. పనిముట్టుతో పాటు చక్కెర అదుపులో లేకపోతే, పుండున్న పాదం మోపి వంటింట్లో తిరుగుతూ వుంటే, పడకపుండు రోగిని రెండుగంటలకొకసారి పక్క మార్చకపోతే, ఎంత ఖరీదైన మిషనయినా గుడగుడలాడుతూ కూర్చుంటుందంతే.

కొందరికి అసలు పెట్టకూడదు. పుండులో క్యాన్సరు వున్నా, ఎముకకు చీముపట్టి దానికి వైద్యం జరగకుండా వున్నా, నల్లటి కండ తీయకుండా మిగిలివున్నా, పెద్ద రక్తనాళమో పేగో పుండులో బయటికి కనిపిస్తున్నా స్పాంజిని నేరుగా పెట్టరు. గుండెజబ్బుకో మరొకదానికో రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారి సంగతి డాక్టరుకు అడగకపోయినా మనమే చెప్పాలి. ఆస్పిరిన్ చిన్నమాత్రే కదా అని ఊరుకోకూడదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2009లోనూ, మళ్ళీ 2011లోనూ యీ మిషన్ల విషయమై హెచ్చరికలు చేసింది. 2007 నుంచి వారికి అందిన ఫిర్యాదులలో 12 మరణాలున్నాయి. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం రక్తస్రావం. ఇళ్ళకు మిషను తీసుకువెళ్ళిన వారిలోనూ కొందరు అలా పోయారు.

ఇప్పుడు భుజానికి తగిలించుకునే చిన్న మిషన్లు వచ్చాయి గనుక, కొందరిని మిషనుతోనే ఇంటికి పంపుతున్నారు. అప్పుడు కాపలా మనదే. డబ్బాలో పోగయ్యే నీరు లేతగులాబీ రంగుగానో, పసుపుగానో వుంటే ఫరవాలేదు. గొట్టంలో ఒక్కసారిగా చిక్కటి ఎర్రరక్తం పారిందంటే వెంటనే మిషను ఆపి, స్పాంజి పీకకుండా, పైనుంచి శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి ఆస్పత్రికి పరుగెత్తాలి. మిషను ఆగిందా అని ఎదురుచూస్తూ కూర్చోవద్దు. అదిమిన చెయ్యి తీయవద్దు. ఇలాంటి సమయంలో ఎవరికి ఫోను చేయాలో ఇంటికి వచ్చేముందే అడిగి గోడమీద రాసిపెట్టుకోండి.

మనకు కరెంటు పోవడం ఒక సమస్య. బ్యాటరీ ఎన్నిగంటలు వస్తుందో ముందే తెలుసుకోండి. రోజు మొత్తం మీద రెండు గంటలకన్నా ఎక్కువసేపు పీల్పు ఆగితే, తడిసిన స్పాంజి పుండులో మూతపడి క్రిముల పుట్టగా మారుతుంది. అప్పుడు స్పాంజి తీసేసి మామూలు తడికట్టు కట్టించాలి. మిషను కీచుమని అరుస్తుంటే ఎక్కడో గాలి చొరబడుతోందన్నమాట. సాధారణంగా కాలివేళ్ళ సందుల్లోనో, పిరుదుల మడతల దగ్గరో పొర లేచివుంటుంది. ఇంకొక సంగతి. ఎన్ని స్పాంజి ముక్కలు లోపల పెట్టారో ప్రతిసారీ పొరమీదే అంకె వేయించండి. తీసేటప్పుడు లెక్క సరిపోవాలి. ఒక ముక్క లోపల మిగిలిపోతే అదే కొత్త పుండుకు కారణమవుతుంది.

తిండి సంగతి చెప్పకపోతే యీ ప్రసంగం సగమే. కుట్లు పడగానే మన ఇళ్ళల్లో మొదట ఆగేది పప్పు. "పప్పు తింటే చీము పడుతుంది" అని. వంకాయ వద్దు, గుడ్డు వద్దు, పెరుగు వద్దు. మా మేనత్తగారికి చూడవచ్చిన బంధువులందరూ తలా ఒకటి నిషేధించి వెళ్ళారు. చివరికి మిగిలింది చారన్నం! చీము క్రిములవల్ల పడుతుంది గాని కందిపప్పువల్ల పడదు. లేతకండ కట్టుకోవడానికి కావలసింది మాంసకృత్తులే. మొండిపుండునుంచి ఊరే నీటితో పాటు అవి రోజూ కొంత పోతూనే వుంటాయి. కనుక పప్పు, పెరుగు, పాలు, గుడ్లు, తినేవారికి చేపలు తప్పక పెట్టాలి. మూత్రపిండాల జబ్బు కూడా వున్నవారికి మాత్రం ఎంత పెట్టాలో డాక్టరునడగాలి. చక్కెర వ్యాధి వుందని తిండి తగ్గించి నీరసపరచకండి. అన్నం కొలత తగ్గించి పప్పు కొలత పెంచండి. పుండు మీద కాఫీపొడి, బూడిద, టూత్‌పేస్టు, ఆకుపసరు వేయడం మాత్రం మానేయాలి.

సిజేరియను కుట్లమీద కూడా యీ పీల్చే కట్టు పెడతామని ఇటీవల కొన్నిచోట్ల అంటున్నారు. లావుగా వున్న తల్లులకు కుట్లు చీముపట్టకుండా వుంటుందని ఆశ. అమెరికాలో అలాంటి 1,624 మంది తల్లులను పరీక్షించి 2020లో ఫలితం ప్రకటించారు. చీముపట్టడంలో తేడా కనిపించలేదు. కట్టుకింద చర్మం కమిలి పొక్కులెక్కడం మాత్రం ఎక్కువయింది. కనుక అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు ఎవరైనా ఆ మాటంటే, ఎందుకు పెడుతున్నారని ఒకసారి అడగండి.

ఇహ ఖర్చు. మిషను అద్దె ఒక ఎత్తు, మూడురోజులకొకసారి మార్చే స్పాంజి, పొరల పెట్టె ఒక ఎత్తు. ఎన్నిసార్లు మార్చవలసి వుంటుందో, ఒక్కోసారికి ఎంతవుతుందో ముందుగానే అడగాలి. కంపెనీ మిషను లేకపోతే వైద్యమే లేదనుకోనక్కర్లేదు. మనదేశంలో అనేక ఆస్పత్రులలో సర్జన్లు శుద్ధి చేసిన మామూలు స్పాంజి, ముక్కులో వేసే గొట్టంలాంటిది, అంటుపొర వాడి, గోడకు అమర్చిన పీల్పు గొట్టానికే తగిలించి కొద్ది ఖర్చుతో చేస్తున్నారు. పీడనం కొలిచే మీటరు వుందో లేదో, రాత్రి ఎవరు చూస్తారో అడిగి తెలుసుకుంటే చాలు. 2010లో హైతీ దేశంలో భూకంపం వచ్చి వేలమంది గాయపడ్డప్పుడు కరెంటే లేదు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదువుకుంటున్న డానియెల్ జురోవ్‌చిక్ అనే యువతి, అకార్డియన్ మడతల్లాంటి మడతలున్న ప్లాస్టిక్ తిత్తిని తయారుచేసి అక్కడికి పట్టుకెళ్ళింది. చేత్తో ఒకసారి నొక్కి వదిలితే ఆ తిత్తి తిరిగి విచ్చుకుంటూ విచ్చుకుంటూ గంటల తరబడి పుండులోని నీటిని పీలుస్తుంది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. తయారుచేయడానికి అయ్యే ఖర్చు మూడు డాలర్లేనట. దానితో ఆమెకు ఎదురైన పెద్ద కష్టం పీల్పు చాలకపోవడం కాదు, పొర అంచుల్లోంచి గాలి చొరబడడం. మా మేనత్తగారి కాలివేళ్ళ సందుల్లో మేము పడ్డ పాట్లు కూడా అవే!